పందిరి నిండా ఆకే, కాయ లేదు: పొడుగు బొబ్బర్లకి ఎరువు ఎలా వేయాలి

పందిరి మొత్తం కమ్మేసిన తీగ, అరచేతంత ఆకులు, చూస్తే కళ్ళు చల్లబడేంత పచ్చదనం. లోటు ఒక్కటే, 50 రోజులు దాటినా పట్టుమని పది పువ్వులు లేవు. నేను మొదటిసారి పొడుగు బొబ్బర్లు వేసిన ఏడాది మా పెరట్లో జరిగింది ఇదే. మొలకలు పాలిపోయినట్టు కనిపిస్తే కంగారుపడి పాదుకి గుప్పెడు చొప్పున యూరియా వేశాను, వారానికల్లా ఆకు రంగు తిరిగింది కదా అని హుషారు వచ్చి ఇంకో విడత కూడా పడేశాను. పక్క చేను బాబాయ్ గట్టు మీద నుంచే చూసి, "మేత బాగా పెంచావురా, ఇక గేదెని కొనెయ్" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగైదు పంటలు వేశాను. ఎరువు చాలక ఈ పంట పాడవడం నేను పెద్దగా చూడలేదు. తప్పు ఎరువు, తప్పు టైములో పడి పాడవడం మాత్రం మా ఊళ్ళోనే ఏటా ఎవరో ఒకరి పెరట్లో చూస్తున్నాను. అందుకే వరసగా ఏం చేయాలో రాస్తున్నా.

ముందు పేరు సంగతి. కోస్తాలో బొబ్బర్లు అంటాం, రాయలసీమలో అలసందలు, తెలంగాణలో బొబ్బెర్లు. గింజ కోసం చేలో చల్లే పొట్టి రకం గురించి కాదు నేను చెప్పేది, కూర కోసం పందిరికి పాకించే, మూర పొడుగు కాయ వేలాడే తీగ రకం గురించి. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క మంగళ ఇలాంటిదే. పొట్టి రకానికి కూడా ఎరువుల లెక్క ఇంచుమించు ఇంతే, కాకపోతే తీగ రకం నెలకి పైగా వదలకుండా కోత ఇస్తుంది కాబట్టి దానికి ఆకలి కాస్త ఎక్కువ.

యూరియా ఎందుకు పనికిరాలేదు

ఇది పప్పుజాతి మొక్క. కంది, పెసర, మినుము, వేరుశనగ లాగా దీని వేళ్ళ మీద కూడా బుడిపెలు కడతాయి, వాటిలో కాపురం ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది, బదులుగా మొక్క తను ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెర దానికి పెడుతుంది. ఇలా ఇచ్చిపుచ్చుకోవడంలో మొక్కకీ ఖర్చు ఉంది. అందుకని యూరియా రూపంలో నేలలో నత్రజని తేరగా దొరికితే బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. విస్తరి వడ్డించి ఎదురుగా పెడితే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? పైగా ఆ నత్రజని అంతా ఆకూ తీగా కిందే పోతుంది, పూత వెనక్కి జరుగుతుంది, లేత చిగుళ్ళు మెత్తగా ఉండేసరికి నల్ల పేనుబంక దండయాత్ర చేస్తుంది. నా పందిరి మీద చివరికి కాయలకంటే పేనే ఎక్కువ ఉంది.

అలాగని నత్రజని అస్సలు వద్దని కాదు. మొలకెత్తాక బుడిపెలు కట్టి పని మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా బండి నడవడానికి కొంచెం కావాలి. ఆ కొంచెం ఎంతో కింద చెప్తాను.

మొదటి పని: మట్టి పరీక్ష

విసుగనిపిస్తుంది కానీ ఒక్కసారి చేయించండి. గట్టు పక్కన, చెట్టు నీడలో, పెంటకుప్ప ఉన్నచోట మట్టి తీయొద్దు. మడిలో ఏడెనిమిది చోట్ల పైన చెత్త పక్కకి తోసి, జానెడు లోతు వరకు వి ఆకారంలో గుంట తీసి, దాని పక్క గోడ నుంచి పై నుంచి కింద దాకా ఒక పలచటి మట్టి పొర తీయండి. అన్నీ గోతాం మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ, అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి. దగ్గర్లో రైతు సేవా కేంద్రంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వ్యవసాయ శాఖ ఆఫీసులోనో ఎక్కడ ఇవ్వాలో చెప్తారు.

రిపోర్టు వచ్చాక నేను ముందు చూసేది భాస్వరం గడి. ఏళ్ళ తరబడి డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) పోసిన మడుల్లో అది "ఎక్కువ" అని వస్తుంటుంది, అలా వస్తే కింద చెప్పిన సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) సగానికి తగ్గించేయొచ్చు, డబ్బు మిగులుతుంది. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కకి జింకు అందదు, ఆ తలనొప్పి వేరు.

రెండో పని: పశువుల ఎరువు, బాగా చివికింది

సెంటుకి 80 నుంచి 100 కిలోలు, అంటే ఎకరానికి 8 నుంచి 10 టన్నుల లెక్క. విత్తే రెండు వారాల ముందు చల్లి దున్నడమో, తవ్వి కలపడమో చేయండి. చివికిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది: పేడ వాసన రాదు, వేడి ఉండదు, పిడికిట్లో నలిపితే టీ పొడిలా రాలుతుంది. పచ్చి పేడ వేస్తే చెదలు, కలుపు గింజలు ఫ్రీగా వస్తాయి.

ఇక్కడ ఒక మాట. సేంద్రియం అయితే ఎంతైనా వేయొచ్చు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోళ్ళ ఎరువు నత్రజని దండిగా ఉన్న సరుకు, వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది, వేప పిండిలో 5 శాతం దాకా. బుట్టలకొద్దీ కోళ్ళ ఎరువు వేసి "నేను యూరియా ముట్టలేదండీ, అయినా పూత రాలేదు" అంటే ఏం చెప్తాం. మొక్కకి నత్రజని బస్తాలోంచి వచ్చిందా, కోళ్ళ ఫారం నుంచి వచ్చిందా అన్నది పట్టదు.

మూడో పని: విత్తనానికి రైజోబియం పట్టించడం

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. 200 గ్రాముల ప్యాకెట్ 8 నుంచి 10 కిలోల విత్తనానికి సరిపోతుంది, మన పెరటికి కావలసిన గుప్పెడు గింజలకి రెండు చెంచాలు చాలు. కాసిని నీళ్ళలో బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి (వేడి మీద కలిపితే బాక్టీరియా చచ్చిపోతుంది, మరి కొన్నది దేనికి). ఆ పాకం గింజలకి తడిగా అంటేలా రాసి, పొడి చల్లి, వేళ్ళతో మెల్లగా దొర్లించండి. గింజ పొట్టు పలచన, గట్టిగా రుద్దితే ఊడిపోతుంది. నీడలో అరగంట ఆరబెట్టి అదే రోజు విత్తేయండి.

శిలీంద్రనాశిని పట్టించేది ఉంటే అది ముందు, రైజోబియం చివర. ఇది తలకిందులు కాకూడదు. అలాగే ఈ గింజ పక్కనే యూరియా, డీఏపీ గుళికలు పడకూడదు.

మీ మడిలో అంతకుముందు పెసరో, మినుమో, వేరుశనగో వేసి ఉంటే కొంత నిశ్చింత, ఎందుకంటే బొబ్బరకి పనికొచ్చే రైజోబియం వాటికీ చెల్లుతుంది, నేలలో ఇప్పటికే ఉంటుంది. వరి మడిలోనో, కొత్తగా మట్టి తోలిన చోటో వేస్తుంటే మాత్రం తప్పకుండా పట్టించండి.

నాలుగో పని: విత్తేటప్పుడు వేసే ఎరువు

అపరాలకి, అంటే పప్పుధాన్యాలకి, మన దగ్గర మామూలుగా చెప్పే లెక్క ఎకరానికి 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. దాన్ని బస్తాల్లోకి మార్చుకుంటే 18 కిలోల యూరియా, 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. పెరటి లెక్కలో అయితే సెంటుకి యూరియా 180 గ్రాములు, సూపర్ కిలోంపావు. మళ్ళీ చూడండి, సెంటు మొత్తానికి యూరియా 180 గ్రాములు. నేను ఆ మొదటి ఏడాది ఒక్కో పాదుకే గుప్పెడు వేశాను.

డీఏపీ వేస్తామంటే సెంటుకి 435 గ్రాములు చాలు, అందులోనే నత్రజని, భాస్వరం రెండూ దాదాపు ఇదే కొలతలో వచ్చేస్తాయి, విడిగా యూరియా అక్కర్లేదు. నాకు మాత్రం సూపరే ఇష్టం. అందులో భాస్వరం 16 శాతమే అయినా గంధకం, కాల్షియం కూడా ఉంటాయి, పప్పుజాతికి గంధకం బాగా పనిచేస్తుంది. మోయడానికి బరువు ఎక్కువ, అంతే. పొటాష్ అయితే తీగ రకానికి సెంటుకి 170 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తాను, సగం ఇప్పుడు, సగం పూత మొదలయ్యాక. మట్టి రిపోర్టులో పొటాష్ ఎక్కువ ఉందని వస్తే (నల్లరేగడిలో తరచూ అలాగే వస్తుంది) ఇది కూడా తగ్గించుకోవచ్చు.

ఎంత వేశామన్నదానికంటే ఎక్కడ వేశామన్నది ఎక్కువ తేడా చూపిస్తుంది భాస్వరం విషయంలో. యూరియా నీళ్ళతో పాటు కదిలిపోతుంది, భాస్వరం కదలదు, పడ్డచోటే మట్టితో గట్టిగా అతుక్కుపోతుంది. నేల మీద చల్లి వదిలేస్తే వేరుకి అందదు. అందుకని విత్తే సాలుకి నాలుగు వేళ్ళ దూరంలో చిన్న కాలువ గీసి, సూపర్‌ని రెట్టింపు చివికిన ఎరువుతో కలిపి అందులో పోసి మట్టి కప్పండి. ఎరువుతో కలపడం వల్ల మట్టి దాన్ని త్వరగా పట్టేయకుండా ఉంటుంది.

ఐదో పని: 25 నుంచి 30 రోజులకి ఒక మొక్క బలి

దీనికి ఎవరికీ మనసొప్పదు. అయినా చేయాల్సిందే. ముందురోజు సాయంత్రం నీళ్ళు పెట్టి, పొద్దున్నే ఒక మొక్కని చుట్టూ మట్టితో సహా పారతో లేపండి. లాగొద్దు, లాగితే బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. బకెట్లో ముంచి మట్టి కరగనివ్వండి. తల్లివేరు మీద, పక్కవేళ్ళ మీద ఆవగింజ నుంచి పెసరగింజ సైజు దాకా గుండ్రటి బుడిపెలు కనిపించాలి. ఒకదాన్ని గోరుతో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగో, లేత ఎరుపో ఉంటే అది పనిచేస్తోంది, మన రక్తంలో ఎరుపుకి కారణమైన పదార్థం లాంటిదే అందులోనూ ఉంటుంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలవ్వలేదనో, పని చేయట్లేదనో అర్థం. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే దాని పని అయిపోయింది.

గులాబీ బుడిపెలు బాగా ఉంటే ఇక నత్రజని జోలికి వెళ్ళకండి, ఎవరేం చెప్పినా సరే. బుడిపెలు అసలు లేకుండా ఆకులు కూడా పాలిపోయి ఉంటే అప్పుడు సెంటుకి ఇంకో 100 గ్రాముల యూరియా తడి నేల మీద, కాండానికి జానెడు దూరంలో వేసి మట్టి కప్పండి.

ఒక చిక్కు ఉంది. నులిపురుగు (నేలలో ఉండి వేళ్ళలో చేరే, కంటికి ఆనని నెమటోడ్) పట్టినా వేళ్ళ మీద ఉబ్బులు వస్తాయి, వాటిని చూసి బుడిపెలు అనుకుని సంబరపడినవాళ్ళు ఉన్నారు. తేడా ఇది: రైజోబియం బుడిపె వేరుకి పక్కన అంటించినట్టు ఉంటుంది, వేలితో తోస్తే ఊడిపోతుంది. నులిపురుగు ఉబ్బు అంటే వేరే లావెక్కినట్టు ఉంటుంది, ఊడదు. రెండోది కనిపిస్తే ఎరువు మార్చి లాభం లేదు, అక్కడ మరుసటి పంటకి బంతి వేసి, వేప పిండి కలపడం మంచిది.

ఆరో పని: పూత, పిందె టైములో

రకాన్ని బట్టి 35 నుంచి 45 రోజుల మధ్య పూత మొదలవుతుంది. మిగతా సగం పొటాష్ ఇప్పుడు వేసేయండి. ఆకుల మీద పిచికారీ చేసేవాళ్ళకి పాత పద్ధతి ఒకటి ఉంది, 2 శాతం డీఏపీ. లీటరుకి 20 గ్రాములు రాత్రి నానబెట్టి, పొద్దున పైన తేటనీరు వంచి వడగట్టి సాయంత్రం కొట్టడం, పదిహేను రోజులకి ఇంకోసారి. లేదంటే నీళ్ళలో కరిగే 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకి 5 గ్రాములు. రెండూ కలిపి ఒకేసారి మాత్రం వద్దు. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. పొద్దున్నే కొట్టడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే బొబ్బర పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేలోపు ముడుచుకుంటుంది, ఆ కాసేపు దాన్ని వదిలేయాలి.

పూత దగ్గరగా చూడండి ఒకసారి. ఆకు పంగలోంచి పొడుగాటి కాడ వస్తుంది, దాని కొసన రెండేసి పువ్వులు, ఆ రెంటి నుంచే జంటగా కాయలు దిగుతాయి. పువ్వుల మొదట్లో చిన్న తేనె గ్రంథులు ఉంటాయి, చీమలు వచ్చేది వాటికోసం, అంతమాత్రానికి మందు కొట్టక్కర్లేదు (పేను ఉంటే వేరే సంగతి). కాయ కోసేటప్పుడు ఆ కాడని తుంచకండి, కాయని మాత్రమే తీయండి. అదే కాడ మీద మళ్ళీ మొగ్గలు వస్తాయి. మా ఇంట్లో ఈ సంగతి తెలియక మొదటి రెండు కోతలూ కాడలతో సహా పీకేసి కట్టలు కట్టారు.

పువ్వు విచ్చుకున్న పదీ పన్నెండు రోజుల్లో కాయ కూరకి వస్తుంది. రెండు రోజులకోసారి కోయాల్సిందే. నాలుగు కాయలు గింజ ముదిరేదాకా వదిలేశారంటే తీగ తన బలమంతా ఆ గింజలకి పెట్టి కొత్త పూత తగ్గించేస్తుంది. ఇది ఎరువు లోపం అనుకుని మళ్ళీ బస్తా విప్పుతారు చాలామంది. విత్తనానికి కావాలంటే కోతలన్నీ అయ్యాక చివర్లో ఒక తీగని వదలండి.

పూత రాలడం కూడా ప్రతిసారీ ఎరువు సమస్య కాదు. ఏప్రిల్, మే వేడికి, ముఖ్యంగా రాత్రులు కూడా ఉక్కపోతగా ఉంటే పువ్వు రాలిపోతుంది. నేల బాగా ఎండి ఒక్కసారిగా నీళ్ళు పెట్టినా రాలుతుంది. నీళ్ళు నిలిచినా అంతే, బుడిపెలకి గాలి అందక అవి చచ్చిపోతాయి.

ఆకు చూసి పోల్చుకోవడం

కింద ముదురాకులు మొత్తంగా పసుపు అయితే నత్రజని తక్కువ. అదే ముదురాకుల అంచులు మాడినట్టు గోధుమ రంగులోకి వస్తే పొటాష్. లేతాకులు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము, సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలు. మచ్చలు మచ్చలుగా పసుపూ పచ్చా కలిసి ఆకు ముడతలు పడితే అది ఎరువు లోపం కాదు, వైరస్ తెగులు, ఆ మొక్కని పీకి దూరంగా పారేయండి. జింకు కొట్టాల్సి వస్తే జింకు సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు, కానీ డీఏపీ ద్రావణంలో కలపొద్దు, పాలు విరిగినట్టు విరిగిపోతుంది. కట్టెల బూడిదలో పొటాష్ ఉంటుంది, పాదుకి చారెడు వేయొచ్చు. యూరియాతో కలిపి వేస్తే మాత్రం అమ్మోనియా గాల్లోకి పోతుంది, ముక్కుకే తెలుస్తుంది.

నమ్మకం లేదా, నాలుగు సాళ్ళు వేసి చూడండి

నా మాటో, ఎరువుల కొట్టు వాళ్ళ మాటో నమ్మక్కర్లేదు. ఒకే విత్తనం, ఒకే రోజు, నాలుగు సాళ్ళు వేయండి. ఒకదానికి ఏమీ వద్దు. రెండోదానికి పశువుల ఎరువు మాత్రమే. మూడోదానికి పశువుల ఎరువు, పైన చెప్పిన కొలతలో సూపర్, యూరియా, పొటాష్. నాలుగోదానికి మూడోది మొత్తం వేసి, యూరియా మాత్రం మూడింతలు. స్థలం ఉంటే ఈ నాలుగూ ఇంకోచోట వరస మార్చి మళ్ళీ వేయండి, ఎందుకంటే పల్లంలో ఉన్న సాలుకి నీళ్ళు ఎక్కువ అందితే ఆ గొప్పంతా ఎరువు ఖాతాలో రాసేస్తాం. సాలు చివరి మొక్కలకి వెలుతురు ఎక్కువ, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

నోటుబుక్కులో మూడే మూడు రాయండి: మొదటి పువ్వు తేదీ, ప్రతి కోతకీ తూకం, 30 రోజులకి పీకిన మొక్క బుడిపెల సంఖ్య. మా దగ్గర నాలుగో సాలు నెల రోజుల వరకు అందరికంటే అందంగా ఉంది, చూడవచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకున్నారు. పూత మొదలయ్యింది మూడో సాలులో, నాలుగోది వారం పైన వెనకబడింది, బుడిపెలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. నాకు ఆశ్చర్యం కలిగించింది రెండోది, ఉత్త పశువుల ఎరువుతో అది మూడోదాని వెనకే నడిచింది. మా నేల అంతకుముందు వేరుశనగ వేసినది, బహుశా అందుకే. మీ నేలలో వేరేగా రావచ్చు, అందుకే వేసి చూడమంటున్నా.

మేడ మీద కుండీల్లో వేసేవాళ్ళకి

12 అంగుళాల కుండీకి ఒకటి లేదా రెండు మొక్కలు, అంతకు మించొద్దు. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు మాత్రమే కలిపిన మిశ్రమంలో రైజోబియం ఉండకపోవచ్చు, అందుకే "కుండీలో బుడిపెలు రావట్లేదు" అంటుంటారు. రైజోబియం ప్యాకెట్ దొరక్కపోతే పెసరో వేరుశనగో పండిన చేలోంచి రెండు గుప్పెళ్ళ మట్టి తెచ్చి కలపండి, నులిపురుగు లేని చేను అయితేనే. సూపర్ కుండీకి రెండు చెంచాలు, అడుగు మట్టిలో కలిపి. యూరియా కుండీల్లో అసలు వాడకండి, చెంచా ఎక్కువైతే వేరు మాడిపోతుంది. పూత టైములో పదిరోజులకోసారి జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి నీళ్ళలో పులియబెట్టింది) ఒకటికి పది నీళ్ళు కలిపి పోస్తే చాలు.

కాపు అయిపోయాక తీగని వేళ్ళతో సహా పీకొద్దు. నేల మట్టానికి కోసేసి, వేళ్ళు అలాగే వదిలేయండి. కోసిన తీగని ముక్కలు చేసి కంపోస్టు గుంటలోనో, అదే మడిలోనో వేయండి, నత్రజని ఎక్కువ భాగం ఉండేది ఆకులోనే. ఆ మడిలో నేను తర్వాత తోటకూర చల్లుతాను. అప్పట్లో మిగిలిపోయిన అరబస్తా యూరియా దానికే ఖర్చయింది.